సీతమ్మధారలో ధార ఎక్కడుంది? విశాఖ నేలను మనుషులు మార్చిన ఆనవాళ్ల గురించి ఒక ప్రశ్న

బడిపంతులు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మనిషి తన చుట్టూ ఉన్న ప్రకృతిని కాలక్రమంలో ఎలా మార్చుకుంటూ వచ్చాడనే పాఠానికి ఉదాహరణలుగా, సముద్రాన్ని వెనక్కి నెట్టి పొలాలు చేసుకున్న నెదర్లాండ్స్ గురించీ, పత్తి సాగు కోసం నదులను మళ్లించడంతో ఎండిపోయిన అరల్ సముద్రం గురించీ ఏటా చెబుతూ ఉంటాను. పిల్లలు విని, రాసుకుని, పరీక్షలో అప్పజెబుతారు. అయితే పోయిన వారం వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, మేముండేది సీతమ్మధారలో. ధార అంటే నీళ్లు కదా, మరి ఆ ధార ఎక్కడుంది?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని మన నగరంలో పేరులోనే నీళ్లున్న చోట్లన్నీ రాసుకుంటూ పోతే సీతమ్మధార, మాధవధార, గాజువాక, హనుమంతవాక, మేఘాద్రిగెడ్డ, ఎర్రిగెడ్డ అని జాబితా పెరుగుతూనే ఉంది. వీటిలో చాలాచోట్ల ఇప్పుడు కనిపించేవి అపార్టుమెంట్లూ, కూడళ్లూ, మురుగు కాలువలూను. పుస్తకంలోని దూరదేశాల ఉదాహరణలను పక్కనబెట్టి, పిల్లలను బస్సెక్కించి ఇక్కడే చూపించాలని అనుకుంటున్నాను. మనుషులు ఈ ప్రాంతపు నేలనూ, నీటినీ, తీరాన్నీ మార్చిన తీరు కంటితో చూడగలిగే చోట్లు ఏవి? ఆ మార్పు ఎందుకు జరిగింది, దాని వెనుక పనిచేసే సూత్రమేమిటి అన్నది తెలిసినవారు చెప్పగలరు. "మనిషి పాడుచేశాడు" అన్న ఒక్క వాక్యంతో పాఠం ముగించడం నాకు ఇష్టం లేదు. అది పిల్లలు వినకముందే ఊహించేసే మాట.

కొండవాలు:

మాస్టారూ, ఆ పిల్లవాడి ప్రశ్నకు ముందు సమాధానం చెప్పుకుందాం. నేను భూగర్భశాస్త్రం చదువుకుని కొన్నేళ్లు పాఠాలు చెప్పినవాడిని. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైటు అనే రాయి. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగానే ఆ రాతికి ఆ పేరు వచ్చింది. ఈ రాయి ఎండకూ వానకూ తేలికగా మెత్తబడి, పగుళ్లు బారి, పైన మందమైన మట్టి పొరగా మారుతుంది. కొండ మీద చెట్లున్నంత కాలం వాన నీరు ఒక్కసారిగా జారిపోకుండా ఆ పొరలోకి ఇంకి, లోపలి గట్టి రాతికి తగిలి, పక్కకు పాకి, కొండ పాదం దగ్గర ఊటగా బయటికి వస్తుంది. దానినే మనవాళ్లు ధార అన్నారు. సింహాచలం కొండ మీది గంగధార ఈ కోవలోనిదే, దాని పై భాగంలో అడవి మిగిలి ఉండటం చేత అది ఇప్పటికీ పారుతోంది. వాలు మీద ఇళ్లు కట్టి, సిమెంటు పరిచి, అడుగున బోర్లు వేసినచోట పైనుంచి ఇంకేదీ తగ్గుతుంది, లోపలినుంచి తోడేదీ పెరుగుతుంది, చివరికి ఊట ఆగిపోయి పేరు మాత్రం మిగులుతుంది.

గెడ్డ అన్నది ఉత్తరాంధ్ర మాట. కొండ మీదినుంచి దిగి వానాకాలంలో ఉరకలు వేస్తూ, వేసవిలో సన్నగిల్లే వాగును మనం గెడ్డ అంటాం. వాక అన్నా దాదాపు అదే. ఈ నగరం ఉత్తరాన కైలాసగిరి వరుసకూ, దక్షిణాన యారాడ కొండకూ మధ్య పళ్లెంలా ఉంది గనుక, ఇరుపక్కల వాన అంతా గెడ్డల ద్వారానే సముద్రానికో, ఉప్పుటేరుకో చేరాలి. గెడ్డలకు గోడలు కట్టి, వంపులు సరిచేసి, కొన్నిచోట్ల పైన పలకలు కప్పి కాలువలుగా మార్చాం. కానీ నీటికి పాత దారి గుర్తుంటుంది. పెద్ద వాన పడిన రోజున ఏ వీధుల్లో మోకాలి లోతు నీరు నిలిచిందో పిల్లలచేత ఒక పటంలో గుర్తు పెట్టించి చూడండి, ఆ చుక్కలను కలిపితే పాత గెడ్డ గీత చాలావరకు బయటపడుతుంది. బస్సు ఖర్చు కూడా లేని పాఠమిది.

ఇంకొక మాట. ఈ పని మనతో మొదలుకాలేదు. భీమిలి దారిలో ఉన్న తొట్లకొండకు తీసుకువెళ్లండి. సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం అక్కడ నివసించిన బౌద్ధ భిక్షువులు వాన నీటిని నిలవ చేసుకోవడానికి కొండ రాతిని తొట్లుగా తొలిచారు. కొండకు ఆ పేరు రావడానికి కారణం అవే.

పాత రేవు:

గౌరవనీయులైన మాస్టారికి నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా డ్రెడ్జర్ల (నీటి అడుగునుంచి ఇసుక, మట్టి తోడే ఓడల) మీద పనిచేసి విరమించినవాడిని గనుక కొంచెం పొడవుగా రాస్తాను, మన్నించండి. ఈ నగరంలో మనిషి చేసిన అతి పెద్ద మార్పు ఏది అని నన్ను అడిగితే ఓడరేవే అంటాను. విచిత్రమేమిటంటే, రోజూ దానిని చూసేవారిలో చాలామంది అది సహజంగా ఏర్పడినదని అనుకుంటారు. పుస్తకాలు "సహజ ఓడరేవు" అని రాయడం కూడా ఈ పొరపాటుకు ఒక కారణం. యారాడ కొండ ముక్కు గాలివానల నుంచి కాపాడటం సహజమే. లోపలి ఓడరేవు మాత్రం తవ్వి చేసినది.

నూరేళ్ల క్రితం ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తే, సరుకును పడవల మీద అలలు దాటించి ఒడ్డుకు తెచ్చేవారు. యారాడ కొండకూ, రాస్ కొండకూ నడుమ ఒక సన్నని ఉప్పుటేరు ఉండేది. దాని వెనుక నరవ గెడ్డ, మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే విశాలమైన బురద నేల, పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటుకు తేలుతూ, మడ చెట్లతో నిండి ఉండేది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడానికి దగ్గర దారి కావాలని బెంగాల్ నాగపూర్ రైల్వే వారు కోరుకున్నారు. దాంతో ఆ ఏటి ముఖాన్ని లోతు చేసి, బురదను తవ్వి ఓడలు తిరిగే నీటి తావులుగా మార్చి, తవ్విన మట్టిని చుట్టుపక్కల పల్లంలో పోసి గట్టి నేల చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిగా లోపలికి వచ్చింది, అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అంటే ఒకే పనితో చిత్తడి నేల రెండు ముక్కలైంది, సగం లోతు నీరుగా మారితే సగం మెరక నేలగా మారింది.

అసలు కథ ఇసుకది. మన తీరంలో ఇసుక ఒకచోట పడి ఉండదు, నడుస్తుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డును తాకుతాయి. అల తాకిన ప్రతిసారీ ఇసుక కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో వెనక్కి జరిగినా, ఆ కాలం తక్కువ, బలమూ తక్కువ. ఏడాది లెక్క చూస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిపోతుంది. దాని దారికి అడ్డంగా ఓడల కోసం లోతైన కాలువ తవ్వితే ఇసుక అందులో పడి కాలువ పూడుతుంది. అలలకు అడ్డంగా రాళ్ల గోడ కడితే దానికి దక్షిణాన ఇసుక పేరుకుపోతుంది, ఉత్తరాన ఉన్న ఒడ్డుకు రావలసిన వాటా రాదు. ఆ ఉత్తరపు ఒడ్డే మనం సాయంత్రాలు బఠాణీలు తింటూ కూర్చునే రామకృష్ణా బీచి.

ఈ సంగతి కట్టినవారికి ముందే తెలుసు. అందుకే మొదట్లోనే రెండు పాత ఓడలను ఏటి ముఖం దగ్గర ముంచి అలలకు అడ్డుగా నిలిపారు, ఇసుక వచ్చి పడే గుంటను ఒకదానిని ఏర్పాటు చేశారు. ఆ గుంట నిండినప్పుడల్లా డ్రెడ్జరుతో తోడి, గొట్టాల ద్వారా ఉత్తరపు ఒడ్డు మీద పోయాలి. 1976లో పెద్ద ఓడల కోసం బయటి ఓడరేవు కట్టి పొడవైన గోడలు వేసిన తరువాత ఈ అవసరం ఇంకా పెరిగింది. ఇసుకకు వెళ్లే దారి మనం తెంపాం గనుక, దానిని భుజాన వేసుకుని అవతలికి దాటించే కూలీ పని మనకే పడింది. ఒక ఏడు తోడటం ఆలస్యమైతే ఆ ఏడే బీచిలో తెలిసిపోతుంది. నా ఉద్యోగమంతా ఆ కూలీ పనే అని మా మనవడికి చెబితే నవ్వుతాడు.

పిల్లలను డాల్ఫిన్ నోస్, అంటే ఆ యారాడ కొండ ముక్కు, ఎదురుగా తీరంలో నిలబెట్టి, దక్షిణం ఎటు, ఉత్తరం ఎటు, ఇసుక ఎటునుంచి ఎటు రావాలో ముందు వారినే చెప్పమనండి. తరువాత గోడను చూపించండి.

అలివివల:

పాత రేవు గారు రాసినదంతా నిజమే గాని, ఒడ్డు మీద బతికేవారి వైపు నుంచి ఒక మాట చేర్చాలి. మాది జాలరి కుటుంబం. నేను ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నా, మా తాతగారు అలివి వల లాగినవారు. అలివి వలను పడవ మీద తీసుకువెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలి, రెండు కొసలనూ ఒడ్డు మీదినుంచి ఇరవై, ముప్పై మంది కలిసి లాగుతారు. దానికి వెడల్పైన, వాలు తక్కువైన ఇసుక నేల కావాలి. వెనక్కి నడిచేందుకు చోటుంటేనే వల ముందుకు వస్తుంది. ఒడ్డు కోసుకుపోయి రాళ్లు తేలిన చోట ఆ వల పనికిరాదు. యంత్రంతో తెచ్చి పోసిన ఇసుకతో బీచి వెడల్పు అయితే తిరిగి వస్తుంది గాని, అది కొంతకాలం నిటారుగా మెట్టులా నిలబడుతుందని, మొదటి పెద్ద పోటుకే చాలా భాగం పోతుందని మావాళ్లు అనేవారు. పడవలను పైకి లాగి నిలుపుకోవడం కష్టమయ్యేది.

ఓడరేవు వద్దని నేను అనడం లేదు, మా ఇంట్లోనే ఇద్దరు అందులో పనిచేసి పిల్లలను చదివించుకున్నారు. అయితే ఒకే మార్పు ఒక వృత్తిని పెంచి మరొక వృత్తికి నిలబడే నేల తీసేయగలదన్నది కూడా ఆ పాఠంలో ఉండాలి మాస్టారూ.

చోడిచేను:

నేను అనంతగిరి వైపు వాడిని, చదువు కోసం విశాఖలో ఉంటున్నాను. జిల్లాలు విడిపోయి 2022 నుంచి మేము అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినా, ఓడరేవుకూ మా కొండలకూ ఉన్న సంబంధం తెగలేదు. బయటి ఓడరేవు ఎవరి కోసం కట్టారని అడిగితే అందులో ముఖ్యమైన సమాధానం ఇనుప ఖనిజం. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల్లో తవ్విన ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూలు వరకు మా కొండలను తొలిచి రైలు మార్గం వేశారు, అందులో 58 సొరంగాలున్నాయి. ఇప్పుడు యాత్రికులు అద్దాల పెట్టెలో కూర్చుని ఆ సొరంగాలు వచ్చినప్పుడల్లా కేకలు వేస్తారు. ఆ దారి వారి కోసం వేసినది కాదన్న సంగతి చాలామందికి తెలియదు.

నేను చెప్పదలచుకున్నది కాఫీ గురించి. అరకు లోయ అనగానే అందరూ ప్రకృతి అంటారు. మా పెద్దల కాలంలో కొండ వాలు మీద కొంత అడవిని నరికి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లేవారు. దానినే పోడు అంటారు. రెండు మూడు పంటల తరువాత ఆ ముక్కను వదిలి ఇంకొక చోటికి వెళితే, వదిలినచోట అడవి తిరిగి లేచేది. జనం పెరిగి, అడవి మీద ఆంక్షలు పెరిగి, తిరిగి వచ్చే గడువు తగ్గిపోవడంతో నేల కోలుకునేందుకు వ్యవధి లేకుండా పోయింది. కొండ మన్ను వానకు కొట్టుకుపోయేది. తరువాత ప్రభుత్వ సంస్థల ప్రోత్సాహంతో అదే వాలుల మీద కాఫీ వచ్చింది. కాఫీకి నీడ కావాలి గనుక సిల్వర్ ఓకు చెట్లు వేశారు, వాటి మొదళ్లకు మిరియాల తీగ పాకించారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు దూరంనుంచి చూస్తే ఆ కొండ పచ్చగా అడవిలా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే కాఫీ పుట్టిల్లు ఇథియోపియా, సిల్వర్ ఓకు ఆస్ట్రేలియాది, మిరియం మలబారుది. మావి అనుకునేవి అక్కడక్కడ మిగిలిన పనస, మామిడి, జీలుగు చెట్లు. మన్ను నిలబడింది, ఇంటికి డబ్బు వచ్చింది, చోడి అంబలి తాగే అలవాటు తగ్గింది. ఇది మంచా చెడా అని మాస్టారు పరీక్షలో అడిగితే నేను సమాధానం రాయలేను గాని, "పోడు వల్ల అడవి నాశనమైంది, కాఫీ వల్ల బాగుపడింది" అన్న ఒక్క వాక్యాన్ని మాత్రం ఒప్పుకోను.

బడిపంతులు:

ఇన్ని సంగతులు ఒక్కచోట వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. అడవులు నరకడం వల్ల నేల కోసుకుపోయి ఆ దిబ్బలు ఏర్పడ్డాయని నేను ఎక్కడో విన్నాను, వాటిని కూడా మనిషి చేసిన మార్పు కింద చూపించవచ్చునా? రెండవది, నగరానికి నీరు. ధారలు, గెడ్డలు ఇలా అయిపోతే ఇంత జనం ఏ నీరు తాగుతున్నట్టు?

కొండవాలు:

ఎర్రమట్టి దిబ్బలను ఆ కింద దయచేసి చూపించకండి, ఆ విన్నమాట తప్పు. గత మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉండేది. అప్పుడు బయటపడిన సముద్రపు అడుగునుంచి గాలి ఇసుకను ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. వేల సంవత్సరాల కాలంలో ఇనుము ఆక్సైడు రేణువులకు పట్టి ఎరుపెక్కింది. వాన నీరు ఆ మెత్తని దిబ్బలను కోసి లోతైన గండ్లు చేసింది. మనుషులు అక్కడ ఒక్క చెట్టూ నరకకపోయినా ఆ గండ్లు ఉండేవే. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో ఇక్కడ, తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఇవి చేరాయి.

అయినా పాఠంలో వీటికి చోటుంది, అది పోలిక కోసం. దిబ్బల అంచున నేలను చదును చేసిన ఘటనలు వార్తల్లోకి వచ్చాయి గదా. గాలి వేల ఏళ్లు పట్టి పోసినదాన్ని యంత్రం కొన్ని రోజుల్లో చదును చేయగలదు, అయితే ఓడరేవు ఇసుకలా దీన్ని గొట్టంతో తెచ్చి తిరిగి పోయడం కుదరదు. పోసిన గాలి, ఆ నాటి సముద్ర మట్టం రెండూ ఇప్పుడు లేవు. ఋషికొండను తవ్విన వివాదం హైకోర్టు దాకా వెళ్లిన సంగతి పిల్లల ఇళ్లలో ఇప్పటికే చర్చకు వచ్చి ఉంటుంది. దానిని బస్సులో రాజకీయంగా కాకుండా, తిరిగి రాగల మార్పు, రాలేని మార్పు అన్న తేడా చూపడానికి వాడుకోవచ్చు.

పాత రేవు:

నీటి ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. మొదట ఊరి పక్కన మూడసర్లోవలో కొండ నీటిని ఆపుకున్నాం. అది చాలక గోస్తని మీద తాటిపూడి, ఆపైన మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాలు వచ్చాయి. ఉక్కు కర్మాగారానికి, నగరానికి కలిపి ఏలేరు జలాశయం నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువ తవ్వారు. నగరం పెరిగినకొద్దీ దాని నోరు ఇంకొంచెం దూరపు ఏటిని అందుకుంటూ పోయిందన్నమాట. మూడసర్లోవ నీటి మీద 2018 నుంచి సౌర విద్యుత్తు పలకలు తేలుతున్నాయి, రెండు మెగావాట్లవి. పిల్లలకు అది నచ్చుతుంది.

పూలవాసన:

ఆలస్యంగా చూశాను. ఎవరూ చెట్ల సంగతి ఎత్తలేదు గనుక రాస్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరం మీదుగానే ఒడ్డు దాటినప్పుడు వీధుల్లో, కొండల మీద లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి. మా వీధిలో తురాయి చెట్లన్నీ వేళ్లతో సహా లేచి పడ్డాయి, పాత వేప మాత్రం కొమ్మలు పోగొట్టుకుని నిలబడింది. తరువాత త్వరగా నీడ కావాలన్న ఆతృతతో ఏడాకుల పాల మొక్కలను విస్తారంగా నాటారు. అవి చక్కగా పెరిగాయి. ఇప్పుడు ఏటా చలికాలం మొదట్లో రాత్రిపూట వాటి పూల ఘాటు వాసనకు తలనొప్పి వస్తోందని, ఊపిరాడటం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. మా అత్తగారు ఆ నెలంతా కిటికీలు మూసే ఉంచుతారు. నగరంలో మీరు నీడ అనుకునేది కూడా ఎవరో ఎంపిక చేసినదే, ఆ ఎంపిక ఫలితం తెలియడానికి పదేళ్లు పడుతుంది. పాఠశాల ఆవరణలోని చెట్లను లెక్కించి, ఏవి ఇక్కడివి, ఏవి బయటినుంచి వచ్చినవి అని పిల్లలచేత రాయిస్తే బస్సు బయలుదేరే ముందే సగం పాఠం అవుతుంది.

బడిపంతులు:

అందరి సలహాలనూ కలిపి ఒక దారి వేసుకున్నాను. ముందురోజు బడిలో చెట్ల లెక్క, వాన నీరు నిలిచే వీధుల పటం. బస్సు రోజున ఉదయాన్నే సీతమ్మధార, అక్కడినుంచి మూడసర్లోవ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, సాయంత్రం తిరిగి బీచి. కాఫీ కొండలకు ఈ ఏడు వెళ్లలేము, చోడిచేను గారు ఒకరోజు బడికి వచ్చి ఆ కథ చెప్పగలిగితే సంతోషిస్తాం. అలివివల గారూ, మీ తాతగారి వల తాళ్లు గాని, వల బరువులు గాని ఇంట్లో మిగిలి ఉంటే పిల్లలకు చూపించడానికి ఒకరోజు అరువివ్వగలరా?

అలివివల:

వల లేదు మాస్టారూ, ఎలుకలు కొట్టేశాయి. వల అంచుకు బరువుగా కట్టే సీసపు గుళ్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి, అవి తెస్తాను. ఇప్పటికీ అలివి లాగేవారు మావాళ్లలో కొందరున్నారు. తెల్లవారుజామున వస్తే చూడవచ్చు, పిల్లలు ఒక తాడు కొస పట్టుకున్నా వారు కాదనరు. మీరు రావలసింది సాయంత్రం కాదు, ఆరు గంటలలోపే. కనుక మీ దారిలో బీచిని చివరినుంచి మొదటికి మార్చండి.

పాత రేవు:

ఆ వేళకు నేనూ వస్తాను. ఇసుక గొట్టం ఎక్కడినుంచి ఎక్కడికి వేస్తారో నిలబడి చూపిస్తాను.